పాత ఎక్స్ఛేంజ్ 2016 నుంచి కొత్త ఎస్‌ఈకి: విశాఖ ఆఫీసులో మెయిల్ సర్వర్ ఎలా మార్చాలి

మీ ఆఫీసు మెయిల్ ఇంకా మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2016 మీదే నడుస్తోందా? దాని సపోర్ట్ గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2019 వెర్షన్‌కీ అదే ఆఖరి రోజు. 2013 అయితే 2023 ఏప్రిల్ 11నే, 2010 అయితే 2020 అక్టోబర్ 13నే అయిపోయాయి. "బానే పనిచేస్తోంది కదా, ఇప్పుడెందుకు కదపడం?" అని ఎండీ గారు అడుగుతారు. 2021 మార్చి సంగతి చెప్పండి. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా, ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న 443 పోర్టు గుండానే ప్రపంచమంతా వేల ఎక్స్ఛేంజ్ సర్వర్లలోకి దొంగలు దూరారు. అప్పుడు ప్యాచ్ వచ్చింది కాబట్టి ఆ కన్నం మూసుకోగలిగారు. సపోర్ట్ పోయిన సర్వర్‌లో రేపు అలాంటిది బయటపడితే ప్యాచ్ కోసం ఎదురుచూసి లాభం ఉండదు.

ఈ గైడ్ ముఖ్యంగా 2016 నుంచి ఎక్స్ఛేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి, అంటే ఎస్‌ఈకి వెళ్లేవాళ్ల కోసం. మెయిల్‌బాక్సులు కొత్త సర్వర్‌కి చేర్చడంలో పెద్ద కష్టమేమీ లేదు, ఆ పని ఎక్స్ఛేంజే చేసిపెడుతుంది. ఆఫీసులో ఎవరికీ గుర్తులేకుండా పాత సర్వర్‌ని నమ్ముకుని బతుకుతున్న మెషీన్లు, సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉంటాయి. మీకు టెన్షన్ పెట్టేవి అవే. అందుకే వాటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు మీ దారి ఏదో చూసుకోండి

ఎక్స్ఛేంజ్ 2019లో సీయూ14 గానీ సీయూ15 గానీ (సీయూ అంటే క్యుములేటివ్ అప్‌డేట్) ఉంటే మీరు అదృష్టవంతులు. ఎస్‌ఈ మొదటి విడుదల 2025 జులై 1న వచ్చింది. మామూలు క్యుములేటివ్ అప్‌డేట్ వేసినట్టే అదే సర్వర్ మీద దాన్ని వేసుకోవచ్చు. బ్యాకప్ తీసుకుని, ఒక ఆదివారం పెట్టుకోండి, అయిపోతుంది.

2016 వాళ్లకి ఆ సౌకర్యం లేదు. కొత్త విండోస్ సర్వర్ మీద ఎస్‌ఈని పక్కన నిలబెట్టి, కొన్నాళ్లు రెండూ కలిపి నడిపి, తర్వాత పాతదాన్ని తీసేయాలి. ఇందుకు 2016 మీద సీయూ23 ఉండి తీరాలి. ఇంకో మాట: పాత వెర్షన్లతో కలిసి ఉండే వీలు తర్వాత్తర్వాత వచ్చే ఎస్‌ఈ అప్‌డేట్లలో తీసేస్తామని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కాబట్టి సెటప్ ఫైల్ దింపుకునే ముందు, ఆ విడుదల 2016ని పక్కన ఉండనిస్తుందో లేదో చూసుకోండి.

2013 ఉంటే ఒక్క అంగలో కుదరదు. మధ్యలో 2016 గానీ, 2019 సీయూ14 గానీ మెట్టుగా పెట్టుకోవాలి. సీయూ15 అయితే 2013ని దగ్గరికి రానివ్వదు. 2010 అయితే 2016 మీదుగానే రావాలి.

అసలు సొంత సర్వర్ అవసరమా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ముప్పై నలభై మంది ఉన్న ఆఫీసుకి, సర్వర్ చూసుకునే మనిషి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) మీద వారానికోసారి వచ్చే చోట, నా సలహా క్లౌడ్ మెయిలే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లూ సరిగా లేవు. సర్వర్ ఆఫీసులోనే ఉంటే అలాంటప్పుడు మెయిల్ మొత్తం ఆగిపోతుంది. అవతలివాళ్ల సర్వర్లు మామూలుగా ఒకటి నుంచి ఐదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాత మెయిల్ వెనక్కి కొట్టేస్తాయి. డేటా మన చేతిలోనే ఉండాలని కస్టమర్ షరతు పెట్టినా, మెయిల్‌బాక్సులు వందల్లో ఉన్నా సొంత సర్వర్‌కి అర్థం ఉంది. లైసెన్సు లెక్క కూడా వేసుకోండి: ఎస్‌ఈ ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే రకం కాదు, సబ్‌స్క్రిప్షన్ గానీ సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ గానీ నడుస్తూ ఉండాలి.

పాత సర్వర్‌ని ఎవరెవరు వాడుతున్నారో కనిపెట్టండి

కొత్త సర్వర్‌కి కొటేషన్ అడగక ముందే ఈ పని మొదలుపెట్టండి. కనీసం ఒక నెల పడుతుంది, తొందరపెడితే ఫలితం ఉండదు.

అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి "సార్, మన దగ్గర నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే మెయిళ్లేమైనా ఉన్నాయా?" అని అడగండి. "ఏం లేవు బాబూ" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయనకి తెలియదు, అంతే. మనిషి మరిచిపోయినా లాగ్ మరిచిపోదు. పాత సర్వర్‌లో రిసీవ్ కనెక్టర్లు (బయటి మెషీన్ల నుంచి మెయిల్ తీసుకునే ద్వారాలు) అన్నీ తెరిచి, ప్రతిదానికీ ప్రోటోకాల్ లాగింగ్ (ఎవరు కనెక్ట్ అయ్యారో రాసిపెట్టే సౌకర్యం) వెర్బోస్‌లో ఉందో లేదో చూడండి. మనం సొంతంగా చేసుకున్న కనెక్టర్లలో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి వదిలేయండి. ఈ లాగులు 30 రోజులకి మించితే వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి వారానికోసారి వేరే చోటికి కాపీ చేసుకోండి. నెల మొత్తం ఎందుకంటే, జీతాల స్లిప్పులు పంపే సాఫ్ట్‌వేర్ నెలకొక్కసారే నోరు విప్పుతుంది.

తర్వాత ఆ లాగుల్లోంచి ఐపీ అడ్రస్‌లు ఏరి ఎక్సెల్‌లో పెట్టండి. పరవాడ వైపో దువ్వాడ వైపో ఉన్న రొయ్యల ఎగుమతి కంపెనీ అనుకుందాం. జాబితాలో పైన ఉండేవి ఊహించినవే: రెండు జిరాక్స్ స్కానర్లు, ఈఆర్‌పీ సర్వర్, గేటు దగ్గర సీసీటీవీ డీవీఆర్, బయోమెట్రిక్ హాజరు మెషీన్. కింద ఎక్కడో ఒక్క లైను ఉంటుంది. నెలలో రెండే రెండు సార్లు, రాత్రి 2:10కి ఒకసారి, తెల్లవారుజామున 4:35కి ఒకసారి, 192.168.10.47 నుంచి ప్లాంట్ మేనేజర్‌కి మెయిల్. ఆ ఐపీని బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ తెరుచుకుంటుంది: కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత కొలిచే పెట్టె. మైనస్ 18 దాటి వేడెక్కితే మెయిల్ కొట్టమని ఎవరో ఎప్పుడో సెట్ చేశారు, ఆ మనిషి ఉద్యోగం మానేశాడు. మీరు పాత సర్వర్ ఆపేసిన రోజు నుంచి ఆ పెట్టె అరిచినా ఎవరికీ వినపడదు. కంటైనర్ సరుకు పాడయ్యాక గానీ సంగతి తెలియదు.

బ్రౌజర్‌లో ఏమీ రాకపోతే డీహెచ్‌సీపీ (మెషీన్లకి ఐపీలు పంచే సర్వీసు) జాబితాలో పేరు చూడండి. అక్కడా లేకపోతే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) పట్టుకుని స్విచ్‌లో ఏ పోర్టో చూసి, కేబుల్ వెంట నడుచుకుంటూ వెళ్లండి. వేరే దగ్గరి దారి లేదు.

ప్రతి మెషీన్‌కీ జాబితాలో మూడు సంగతులు రాయండి. సర్వర్‌ని పేరుతో పిలుస్తోందా, ఐపీతో పిలుస్తోందా? యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తోందా, ఊరికే పంపేస్తోందా? టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పద్ధతి) వాడితే ఏ వెర్షన్? చివరిది తేలిగ్గా తీసుకోకండి. కొత్త ఎక్స్ఛేంజ్ టీఎల్‌ఎస్ 1.2 కంటే పాతవాటిని మామూలుగా ఒప్పుకోదు. పాత స్కానర్లకి 1.0 తప్ప రాదు. వాటికి ఫర్మ్‌వేర్ దొరుకుతుందేమో వెండర్‌ని ఇప్పుడే అడగండి. దొరకకపోతే ఆఫీసు నెట్‌వర్క్ లోపల మాత్రమే, ఆ ఒక్క ఐపీకే, టీఎల్‌ఎస్ లేకుండా తీసుకునే కనెక్టర్ పెట్టాల్సి వస్తుంది. దాని కోసం సర్వర్ మొత్తానికీ పాత టీఎల్‌ఎస్ తెరిచి పెట్టొద్దు.

ఎప్పుడు చేయాలి

"రాత్రి పదకొండుకి ఆపుదాం, ఎవరూ ఉండరు" అనే లెక్క మన ఊళ్లో ఎగుమతి కంపెనీలకి పనికిరాదు. అమెరికా కొనుగోలుదారులు ఆఫీసుకొచ్చేది మనకి సాయంత్రం దాటాక, వాళ్ల మెయిళ్లు తెల్లవార్లూ వస్తూనే ఉంటాయి. మనకి తెల్లారేసరికి జపాన్ వాళ్లు మొదలుపెడతారు. పోర్టు పనులు చూసే షిప్పింగ్ ఏజెంట్లకైతే ఓడ ఎప్పుడొస్తే అప్పుడే పగలు. నాకు తెలిసి అందరికీ సరిపడేది ఆదివారం ఉదయం పది నుంచి సాయంత్రం దాకా. అమెరికాలో అప్పటికి శనివారం అర్ధరాత్రి.

తేదీల్లో 7 టీడీఎస్ కట్టే రోజు, 11 జీఎస్‌టీఆర్-1, 20 జీఎస్‌టీఆర్-3బీ. వాటికి ముందు అకౌంట్స్ వాళ్ల జోలికి వెళ్లకండి. 21 తర్వాత, జీతాల హడావుడికి ముందు వచ్చే ఆదివారం పట్టుకోండి. మార్చి నెల అడగనే అక్కర్లేదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం, రెండు సర్వర్ల మధ్య డేటా సగం అటూ సగం ఇటూ ఉన్నప్పుడు కరెంటు పోతే తలనొప్పే. జనరేటర్‌లో డీజిల్, యూపీఎస్ బ్యాటరీల వయసు ముందు వారమే చూసుకోండి.

కొత్త సర్వర్ సిద్ధం చేయడం

విండోస్ సర్వర్ 2019, 2022, 2025 మూడిట్లో ఏదైనా పనికొస్తుంది. కొత్తగా పెడుతున్నప్పుడు 2019 ఎందుకు, పై రెండింట్లో ఒకటి తీసుకోండి. మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసే మెమరీ 128 జీబీ. చిన్న ఆఫీసులు అంతకంటే తక్కువలో నడిపిస్తుంటాయి, అది మీ బడ్జెట్, మీ ధైర్యం. డేటాబేస్ డిస్కులు 64 కేబీ బ్లాక్ సైజుతో ఫార్మాట్ చేయండి. డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లు చూసే సర్వర్) మీదే ఎక్స్ఛేంజ్ వేసే పొదుపు మాత్రం వద్దు.

యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల వివరాలు ఉంచే విండోస్ వ్యవస్థ) ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ కనీసం 2012 ఆర్2 ఉండాలి. స్కీమా (యాక్టివ్ డైరెక్టరీ నమూనా) మార్చడానికి మీ అకౌంట్ స్కీమా అడ్మిన్స్, ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్ రెండు గ్రూపుల్లోనూ ఉండాలి. సెటప్‌ను ముందు ప్రిపేర్-స్కీమాతో, తర్వాత ప్రిపేర్-ఏడీతో నడపండి. స్కీమా మార్పు వెనక్కి తీసుకోలేరు కాబట్టి డొమైన్ కంట్రోలర్ల సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీయకుండా ఈ కమాండ్ జోలికి పోవద్దు.

పాత సర్వర్‌కి కూడా పూర్తి బ్యాకప్ తీసి, అందులోంచి ఒక మెయిల్‌బాక్స్ నిజంగా వెనక్కి తెచ్చి చూడండి. అలాగని దాన్ని అనవసరంగా రీస్టార్ట్ చేయకండి. ఏళ్ల తరబడి ఆపని మెషీన్, పైగా బీచ్ రోడ్ వైపు ఉప్పుగాలి తగిలే ఆఫీసులో, ఒకసారి ఆపాక మళ్లీ లేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఎక్స్ఛేంజ్ వేసిన వెంటనే చేయాల్సిన పని

సెటప్ అయిన మరుక్షణం కొత్త సర్వర్ తన సొంత పేరుని ఆటోడిస్కవర్ (ఔట్‌లుక్ తన సర్వర్‌ని కనుక్కునే) చిరునామాగా యాక్టివ్ డైరెక్టరీలో రాసేసుకుంటుంది. ఔట్‌లుక్‌లు దాన్ని చూసి అక్కడికి పరిగెడతాయి, దాని సర్టిఫికెట్‌ని ఎవరూ నమ్మరు, అందరి స్క్రీన్ల మీదా సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. మీరింకా ఒక్క మెయిల్‌బాక్స్ కూడా కదపకుండానే "మెయిల్ పోయింది" అని ఫోన్లు మొదలవుతాయి. అందుకని ఇన్‌స్టలేషన్ ఆఫీసు లేని వేళ పెట్టుకుని, పూర్తవగానే సెట్-క్లయింట్‌యాక్సెస్‌సర్వీస్ కమాండ్‌తో ఆటోడిస్కవర్ ఇంటర్నల్ యూఆర్ఐని పాత సర్వర్‌లో ఉన్న చిరునామాకే మార్చేయండి. ఒక్క నిమిషం పని.

తర్వాత సర్టిఫికెట్. పాత సర్వర్ నుంచి ప్రైవేట్ కీతో సహా పీఎఫ్ఎక్స్ ఫైల్‌గా తీసి కొత్తదాంట్లో దింపి, ఐఐఎస్‌కీ (వెబ్ సర్వీసు) ఎస్ఎంటీపీకీ (మెయిల్ రవాణా) కేటాయించండి. అందులో మెయిల్, ఆటోడిస్కవర్ రెండు పేర్లూ ఉండాలి. గడువు రెండు నెలల్లో అయిపోతుంటే ఇప్పుడే కొత్తది కొనేయండి. క్లయింట్లు సర్వర్‌ని చేరుకునే ఓడబ్ల్యూఏ, ఈసీపీ, యాక్టివ్‌సింక్, ఈడబ్ల్యూఎస్, ఓఏబీ, మ్యాపీ, ఔట్‌లుక్ ఎనీవేర్ చిరునామాలన్నీ పాత సర్వర్‌లో ఎలా ఉన్నాయో అలాగే పెట్టండి.

ఫైర్‌వాల్ మధ్యలో హెచ్‌టీటీపీఎస్ విప్పి చూసి మళ్లీ మూసి పంపే పద్ధతిలో ఉందేమో కనుక్కోండి. ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ అనే భద్రత 2019 సీయూ14 నుంచీ దానంతటదే ఆన్ అయి వస్తోంది, ఎస్‌ఈలోనూ అంతే. ఫైర్‌వాల్ మీదున్న సర్టిఫికెట్, సర్వర్ మీదున్న సర్టిఫికెట్ ఒకటి కాకపోతే ఔట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, సరైనది కొట్టినా మళ్లీ అడుగుతుంది. అలా అడిగితే ముందు అనుమానించాల్సింది ఇదే.

క్లయింట్ల వైపు, మూలన ఎవరి దగ్గరైనా ఔట్‌లుక్ 2010 ఉంటే అది కొత్త సర్వర్‌తో మాట్లాడదు. అప్‌గ్రేడ్ చేయండి, అందాకా వాళ్లకి బ్రౌజర్ మెయిల్ చూపించండి.

రిలే కనెక్టర్లు, ఒక్కో మెషీన్‌గా

మీరు చేసిన ఎక్సెల్ జాబితా ఇప్పుడు బయటికి తీయండి. పాత రిలే కనెక్టర్‌లో (మెషీన్ల మెయిల్ తీసుకుని ముందుకు పంపేది) ఉన్న ఐపీలన్నీ గుడ్డిగా కాపీ చేయకండి. "192.168 మొత్తం" అని రాసిపెట్టిన కనెక్టర్లు చాలా చోట్ల ఉంటాయి. అదే కాపీ చేస్తే ఆఫీసులో వైరస్ పట్టిన ఒక్క ల్యాప్‌టాప్ చాలు, మీ ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడడానికి. జాబితాలో ఉన్న ఐపీలు మాత్రమే పెట్టండి. బయటి అడ్రస్‌లకి కూడా పంపాల్సిన మెషీన్లకి, ఆ కనెక్టర్ మీద అనానిమస్ లాగాన్‌కి ఎనీ-రెసిపియంట్ హక్కు విడిగా ఇవ్వాలి. లోపలివాళ్లకే పంపే డీవీఆర్‌కి అది అక్కర్లేదు.

ఇక మెషీన్ దగ్గరికి వెళ్లి సర్వర్ అడ్రస్ మార్చండి. ఐపీ పెట్టి ఉంటే తీసేసి, రిలే కోసం విడిగా ఒక డీఎన్ఎస్ పేరు చేసి అది పెట్టండి. వచ్చేసారి సర్వర్ మార్చినప్పుడు ఆ పేరు తిప్పితే చాలు, మళ్లీ అందరి దగ్గరికీ తిరగక్కర్లేదు. మార్చిన ప్రతిసారీ టెస్ట్ మెయిల్ కొట్టించి, అది చేరాల్సిన మనిషి ఫోన్‌లో కనబడిందాకా అక్కడే ఉండండి. కోల్డ్ స్టోరేజీ పెట్టెకైతే ప్లాంట్ మేనేజర్ గారికి చెప్పి, అలారం నిజంగా మోగించి చూడండి.

మెయిల్‌బాక్సులు కదపడం

కొందరు వెండర్లు "కొత్త డొమైన్ కట్టేసి, అందరి మెయిలూ పీఎస్‌టీ ఫైళ్లుగా తీసి, అక్కడ పోసేద్దాం, శుభ్రంగా ఉంటుంది" అంటారు. ఒప్పుకోకండి. పాత మెయిల్‌కి రిప్లై కొడితే వెనక్కొస్తుంది, ఎందుకంటే ఔట్‌లుక్ గుర్తుపెట్టుకున్న లోపలి అడ్రస్‌లు కొత్త చోట ఉండవు. క్యాలెండర్ మీటింగులూ, పంచుకున్న ఫోల్డర్ల హక్కులూ పోతాయి. ఒకే ఆర్గనైజేషన్‌లో మూవ్ చేస్తే ఈ గొడవలేవీ ఉండవు.

మొదట కదపాల్సినవి మనుషుల మెయిల్‌బాక్సులు కావు, ఎక్స్ఛేంజ్ తన సొంత పనికి వాడుకునే ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులు. మామూలు జాబితాలో కనపడవు, గెట్-మెయిల్‌బాక్స్‌కి ఆర్బిట్రేషన్ అని జతచేస్తేనే కనిపిస్తాయి. తర్వాత ఐటీ వాళ్లవి. ఆ తర్వాత ప్రతి సెక్షన్ నుంచి ఓపికున్న మనిషి ఒకరిని. ఎండీ గారిది మధ్యలో ఎక్కడో పెట్టండి, మొదటా వద్దు, ఆఖర్నా వద్దు.

మైగ్రేషన్ బ్యాచ్ చేసేటప్పుడు ఆటో-కంప్లీట్ ఆఫ్‌లో పెట్టండి. అప్పుడు డేటా 95 శాతం దాకా వెళ్లి ఆగుతుంది, కొత్తగా వచ్చే మెయిళ్లు కూడా అప్పుడప్పుడు సర్దుకుంటూ ఉంటుంది. జనం వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, ఏమీ తెలియదు. మీకు వీలైన రోజు కంప్లీట్ కొడితే మిగతాది అయిపోయి, ఔట్‌లుక్‌ని మూసి తెరవమని ఒక మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ ఎలా ఉంటుందో ముందురోజే ఫొటోతో వాట్సాప్ గ్రూపులో పెట్టండి, సగం ఫోన్లు తగ్గుతాయి.

డిస్క్ మీద ఓ కన్నేసి ఉంచండి. 40 జీబీ మెయిల్‌బాక్స్ కదిపితే కొత్త సర్వర్‌లో దాదాపు అంత సైజు ట్రాన్సాక్షన్ లాగులు కూడా పుడతాయి. బ్యాకప్ అయితేనే అవి తగ్గుతాయి. లాగ్ డిస్క్ నిండితే డేటాబేస్ దిగిపోతుంది. కాబట్టి రాత్రి బ్యాచ్, తెల్లారి బ్యాకప్, మళ్లీ రాత్రి బ్యాచ్ అనే వరస పెట్టుకోండి.

అసలు మార్పిడి రోజు

డీఎన్ఎస్ టీటీఎల్‌ను (పాత చిరునామాని గుర్తుంచుకునే సమయం) రెండు రోజుల ముందే 300 సెకన్లకి తగ్గించండి. ఆదివారం ఉదయం లోపలి డీఎన్ఎస్‌లో మెయిల్, ఆటోడిస్కవర్ పేర్లు కొత్త సర్వర్ వైపు తిప్పి, ఫైర్‌వాల్‌లో 25, 443 పోర్టులు కొత్త ఐపీకి మళ్లించండి. కదలని మెయిల్‌బాక్సులు కొన్ని మిగిలినా ఫర్వాలేదు, 2016, ఎస్‌ఈ ఒకదాని తరఫున ఒకటి అందిస్తాయి. సెండ్ కనెక్టర్‌లో సోర్స్‌గా కొత్త సర్వర్‌ని చేర్చి, బయటికి మెయిల్ వెళ్తోందని చూశాక పాతదాన్ని తీసేయండి.

పబ్లిక్ ఐపీ అదే ఉంటే ఎస్‌పీఎఫ్ (మీ తరఫున ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు), పీటీఆర్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) మార్చక్కర్లేదు. మారితే మాత్రం పీటీఆర్ రికార్డు పెట్టేది మీ ఇంటర్నెట్ కంపెనీ, వాళ్లకి వారం ముందే లెటర్ రాయండి. రెండు లైన్లు ఉన్న ఆఫీసులు రెండో లైన్ ఐపీని మరిచిపోతుంటాయి. మొదటి లైన్ తెగి మెయిల్ రెండోదాని మీదుగా వెళ్లిన రోజు జీమెయిల్ తిప్పికొడుతుంది. రెండిటికీ పీటీఆర్ ఉండాలి, రెండూ ఎస్‌పీఎఫ్‌లో ఉండాలి.

టెస్ట్ ఆఫీసు వైఫై మీద చేయకండి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద మెయిల్ తెరవండి, జీమెయిల్‌కి ఒకటి పంపి అక్కడి నుంచి జవాబు తెప్పించండి, మీటింగ్ ఇన్వైట్ ఒకటి, 8 ఎంబీ ఇన్వాయిస్ పీడీఎఫ్ ఒకటి.

పాతదాన్ని తీసేయడం

సోమవారం అంతా బాగుందని మంగళవారం పాత సర్వర్ ఆపేయకండి. కనీసం ఒక నెల ముగింపు దాటనివ్వండి. ఈలోపు దాని రిసీవ్ లాగులు రోజూ చూడండి. ఎవరైనా ఇంకా తలుపు కొడుతుంటే ఆ ఐపీ అక్కడ కనిపిస్తుంది. లాగులో కొత్త సర్వర్ తప్ప ఇంకెవరూ లేని స్థితి వచ్చాక, ట్రాన్స్‌పోర్ట్ సర్వీసులు ఆపి ఒక వారం చూడండి. ఎవరూ అరవకపోతే సర్వీసులు మళ్లీ మొదలుపెట్టి, పద్ధతి ప్రకారం అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

పద్ధతి ప్రకారం అంటే కంట్రోల్ ప్యానెల్ నుంచో, సెటప్ అన్‌ఇన్‌స్టాల్ మోడ్‌తోనో. మెషీన్ ఆపేసి అటక మీద పెడితే యాక్టివ్ డైరెక్టరీలో అది ఇంకా బతికే ఉన్నట్టు లెక్క, తర్వాతి అప్‌డేట్లప్పుడు దాని దెయ్యం అడ్డం వస్తూనే ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ ఒప్పుకోకపోతే డేటాబేస్‌లో ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట: ఆర్బిట్రేషన్, ఆర్కైవ్, పబ్లిక్ ఫోల్డర్ మెయిల్‌బాక్సులు ఒక్కొక్కటిగా వెతకండి. పూర్తయిన మూవ్ రిక్వెస్టులు కూడా తీసేయండి.

డిస్కులు తుడిచే ముందు పాత సర్వర్ లాగులన్నీ వేరే చోట భద్రం చేయండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగులు మీ దగ్గర ఉండాలి, సర్వర్ రిటైరైందంటే కుదరదు. ఆఖరి పూర్తి బ్యాకప్‌ని మీ ఆడిటర్ గారు ఎన్నేళ్లు ఉంచమంటే అన్నేళ్లు ఉంచండి. డిస్కుల్ని తుడవకుండా పాత సామాన్లవాడికి మాత్రం ఇవ్వకండి.